ఐక్యూ 92 వచ్చిన ఏడేళ్ళ బాబుకు ఆట మాన్పించాలా?

కొండాపూర్‌లో ఉంటున్న ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. రెండో తరగతి చదువుతున్న ఏడేళ్ళ బాబు తరగతిలో వెనుకబడుతున్నాడని బడివారు ఐక్యూ పరీక్ష చేయించమన్నారు. వెక్స్‌లర్ పరీక్షలో మొత్తం అంకె 92 వచ్చింది. సాయంత్రం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆడుకునే సమయాన్ని తగ్గించి అబాకస్‌లోనూ ట్యూషన్‌లోనూ చేర్చమని సలహా ఇచ్చారు. భర్త సరేనంటున్నారు, అత్తగారు మాత్రం పిల్లవాణ్ణి ఆడుకోనివ్వమని పట్టుబడుతున్నారు. పెద్దవాళ్ళ మాటలు చెవిన పడిన బాబు "నాకు తక్కువొచ్చిందా?" అని అడిగాడట.

అమ్మా, నేను ఈ నగరంలోనే పిల్లలకు ఇలాంటి పరీక్షలు చేస్తూ, నివేదికలు రాస్తూ, వాటిని తల్లిదండ్రులకు వివరిస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపినదాన్ని. మీ ప్రశ్నకు నా జవాబు సూటిగానే చెబుతాను: ఆట మాన్పించవద్దు, మీ అత్తగారి మాట వినండి. అయితే ఆ నివేదికను పక్కన పడేయమని కూడా చెప్పను, ఎందుకంటే అందులో మీ బాబుకు ఉపయోగపడే సమాచారం ఉంది. అది మీకు చెప్పవలసినవాళ్ళు చెప్పలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

ముందు ఆ 92 సంగతి చూద్దాం. వెక్స్‌లర్ పరీక్షలో ఒకే వయసు పిల్లల సగటు 100 వచ్చేలా అంకెలను సర్దుతారు. 90 నుంచి 109 దాకా వచ్చినవారందరినీ సగటు వర్గమనే అంటారు. మీ బాబు ఆ వర్గంలోనే ఉన్నాడు. అతని ఈడు పిల్లలను వందమందిని తీసుకుంటే దాదాపు ముప్పైమందికి అతనికంటే తక్కువే వస్తుంది. పైగా ఏ కొలతలోనైనా కొంత లోపం తప్పదు కాబట్టి, శ్రద్ధగా రాసిన నివేదికలో ఒక్క అంకె ఇచ్చి ఊరుకోరు, అసలు సామర్థ్యం ఏ హద్దుల మధ్య ఉండవచ్చో కూడా చెబుతారు. 92కు ఆ హద్దులు సుమారుగా 87 నుంచి 97 దాకా ఉంటాయి. అదే పిల్లవాడు బాగా నిద్రపోయి, జలుబు లేకుండా, ఎదుటి మనిషి అంటే బెరుకు పోయిన తర్వాత కూర్చుంటే నాలుగైదు పాయింట్లు అటో ఇటో రావడం నేను ఎన్నోసార్లు చూశాను.

మీరు రాసిన వివరాల్లో నేను ఎక్కువసేపు చూసినవి మొత్తం అంకె కింద ఉన్న నాలుగు భాగాలు. వెర్బల్ కాంప్రహెన్షన్ 85, పర్సెప్చువల్ రీజనింగ్ 108, వర్కింగ్ మెమరీ 94, ప్రాసెసింగ్ స్పీడ్ 88. మొదటిది మాటలతో ఆలోచించడాన్నీ, రెండోది బొమ్మలు, అమరికలు చూసి సంబంధాలు పట్టుకోవడాన్నీ చూస్తుంది. మూడోది విన్నదాన్ని కాసేపు మనసులో ఉంచుకుని దానితో పని చేయడం, నాలుగోది చిన్న పనులను ఎంత వేగంగా చేయగలడన్నది. మీ బాబుకు అన్నిటికంటే ఎక్కువ వచ్చిన భాగానికీ అన్నిటికంటే తక్కువ వచ్చిన భాగానికీ తేడా 23 పాయింట్లు. అంత తేడా ఉన్నప్పుడు నాలుగింటినీ కలిపి ఒకే అంకెగా చెప్పడం ఆ పిల్లవాడి గురించి సరైన బొమ్మ ఇవ్వదని ఈ వృత్తిలో ఉన్నవారికి నేర్పే పాఠమే. అంటే బడివారు పట్టుకుని కూర్చున్న ఆ 92 అనే అంకె, మొత్తం నివేదికలో అతి తక్కువ విషయం చెప్పే అంకె.

మరి 85 ఎందుకు వచ్చింది? ఇంట్లో తెలుగే మాట్లాడతామనీ, పరీక్ష ఇంగ్లీషులో జరిగిందనీ రాశారు. నేను పరీక్ష గదిలో పదే పదే చూసిన ఒక దృశ్యం చెబుతాను (పరీక్షలోని ప్రశ్నలను బయట చెప్పకూడదు కాబట్టి ప్రశ్నను వదిలేస్తున్నాను). ఒక మాటకు అర్థం అడుగుతాం. పిల్లవాడి కళ్ళు వెలుగుతాయి. చేతులు గాలిలో ఆ వస్తువు ఆకారం గీస్తాయి, దానితో చేసే పని కూడా చేసి చూపిస్తాయి. నోరు తెరుస్తాడు, ఇంగ్లీషు మాట దొరకదు. తెలుగులో చెప్పవచ్చా అన్నట్టు మన ముఖంలోకి చూస్తాడు. నిబంధనల ప్రకారం మనం మాట అందించకూడదు. కాసేపాగి "ఐ డోంట్ నో" అంటాడు, ఎందుకంటే బడిలో అతనికి బాగా అలవాటైన ఇంగ్లీషు వాక్యం అదే. కాగితం మీద సున్నా పడుతుంది. ఆ సున్నా తెలివికి పడిందా, భాషకు పడిందా అన్నది అంకెను చూసి ఎవరూ చెప్పలేరు, ఆ గదిలో కూర్చున్న మనిషి చెప్పగలరు. అందువల్ల మీరు చేయవలసిన మొదటి పని ఆ సైకాలజిస్టును మళ్ళీ కలిసి, తెలియక ఆగిపోయాడా, మాట దొరకక ఆగిపోయాడా అని అడగడం. దానితోపాటు చెవి, కన్ను పరీక్షలు చేయించండి. పలకరిస్తే రెండోసారికి గాని పలకని పిల్లలను పరధ్యానం అని తిట్టి, చివరికి చెవిలో నీరు చేరిందని తెలుసుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

పక్క ఫ్లాట్ పాపకు 118 వచ్చిందన్న మాట కూడా రాశారు. ఆ పాపకు ఏ పరీక్ష చేశారో తెలియకుండా రెండు అంకెలను పక్కపక్కన పెట్టకండి. మన దేశంలో 1934లో కామత్ రూపొందించిన బినే-కామత్ పరీక్ష, 1969లో మాలిన్ వెక్స్‌లర్ పరీక్షకు చేసిన భారతీయ అనుసరణ ఇంకా చాలాచోట్ల వాడుకలో ఉన్నాయి. ఇలాంటి పరీక్షల్లో ఒక తరం పిల్లల కంటే తర్వాతి తరం పిల్లలు ఎక్కువ ప్రశ్నలకు జవాబు చెబుతూ వస్తున్నారనీ, ఆ పెరుగుదల దశాబ్దానికి సుమారు మూడు పాయింట్లనీ జేమ్స్ ఫ్లిన్ 1980లలో చూపించాడు. కాబట్టి పాత కొలబద్దతో కొలిస్తే నేటి పిల్లలకు అంకె పెద్దదిగా వస్తుంది. అందులో ఆ పాప గొప్పా, మీ బాబు కొరతా ఏమీ లేవు.

ఐక్యూ అంతా బూటకమని అనేవారితో నేను ఏకీభవించను. 1932లో స్కాట్లండ్‌లో పదకొండేళ్ళ పిల్లలు దాదాపు అందరికీ, అంటే 87 వేల మందికి పైగా, ఒకేరోజు తెలివి పరీక్ష పెట్టారు. వారిలో కొందరిని 1998లో వెతికి పట్టుకుని, 77 ఏళ్ళ వయసులో అదే పరీక్ష మళ్ళీ పెడితే రెండు ఫలితాలకూ గట్టి సంబంధమే కనిపించింది. కాబట్టి ఈ పరీక్షలు నిజమైన దేన్నో కొలుస్తున్నాయి. కానీ ఏడేళ్ళ వయసులో వచ్చే అంకెకు పదకొండేళ్ళప్పుడు వచ్చే అంకెకున్నంత నిలకడ ఉండదు. బడి చదువే ఈ అంకెను మారుస్తుంది కూడా. స్టువర్ట్ రిచీ, ఇలియట్ టకర్-డ్రాబ్ కలిసి 2018లో ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించి, ఒక ఏడాది అదనపు చదువు ఒకటి నుంచి అయిదు పాయింట్ల దాకా పెంచుతుందని లెక్కగట్టారు.

అసలు ఈ పరీక్ష ఎందుకు పుట్టిందో బడివారికి కూడా ఒకసారి గుర్తుచేయండి. ఫ్రాన్సులో అందరికీ చదువు తప్పనిసరి అయ్యాక, తరగతిలో నెగ్గుకురాలేని పిల్లలను గుర్తించి వారికి వేరే సాయం అందించడం కోసం ప్రభుత్వం 1904లో ఒక సంఘాన్ని వేసింది. అందులో సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్‌తో కలిసి 1905లో ముప్పై చిన్న చిన్న పనులతో మొదటి పరీక్ష తయారు చేశాడు. సోమరి అనో మొద్దు అనో ముద్ర వేసి పిల్లలను బడినుంచి గెంటేయకుండా, ఎవరికి ఏ సాయం కావాలో తెలుసుకోవాలన్నది ఆయన తపన. తెలివి పుట్టుకతో వచ్చిన కొలతకు మించి పెరగదని వాదించేవారిని ఆయన 1909లో తీవ్రంగా ఖండించాడు, అది క్రూరమైన నిరాశావాదమన్నాడు. 1911లో ఆయన చనిపోయాడు. ఆ మరుసటి ఏడు జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయసును, అంటే పిల్లవాడు ఏ వయసు పిల్లల స్థాయిలో జవాబులు చెప్పాడన్న లెక్కను, అసలు వయసుతో భాగించే పద్ధతి తెచ్చాడు. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ దాన్ని వందతో హెచ్చవేసి ఐక్యూ అన్నాడు. పిల్లవాడికి ఏం కావాలి అన్న ప్రశ్నకోసం పుట్టిన పరీక్ష, పిల్లవాడు ఎంత అన్న ప్రశ్నకు జవాబుగా మారిపోయింది. మీ బాబు బడిలో జరిగింది కూడా అదే, మన నగరంలో రోజూ జరుగుతున్నదీ అదే. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ చరిత్రలోనే నాకు చాలా ఇష్టమైన మలుపు ఒకటుంది. బినే పోయాక పారిస్‌లో ఆయన ప్రయోగశాల సిమోన్ చేతిలో ఉండగా, జీన్ పియాజే అనే స్విస్ యువకుడు 1919 తర్వాత అక్కడ చేరాడు. పిల్లలకు ప్రశ్నలు వేసి సరైన జవాబులు లెక్కపెట్టడం అతని పని. అతనికేమో తప్పు జవాబుల మీద ధ్యాస మళ్ళింది. ఒకే వయసు పిల్లలు ఒకే రకంగా ఎందుకు తప్పు చెబుతున్నారన్న ఆలోచన అతని జీవితకాలపు పనికి బీజం వేసింది. తర్వాత అతను పిల్లల మనసు తెలుసుకోవడానికి ఎంచుకున్న చోట్లలో ఒకటి గోలీలాట. స్విట్జర్లండ్‌లో గోలీలాడే పిల్లల పక్కన కూర్చుని, ఈ నియమాలు ఎవరు పెట్టారు, మార్చవచ్చా అని అడిగేవాడు. చిన్నపిల్లలు నియమాలను దేవుడో పెద్దలో పెట్టినవిగా, మార్చరానివిగా భావిస్తారనీ, పదేళ్ళు దాటుతున్న పిల్లలు అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని గ్రహిస్తారనీ 1932లో ప్రచురించాడు. పరీక్ష గదిలో మొదలైన మనిషి ఆటస్థలానికి వెళ్ళవలసి వచ్చిందంటే, పిల్లల ఆలోచనలో గదిలోపల కనిపించనిది ఎంతో ఉందన్నమాట.

మీ బాబు పార్కింగ్‌లో పిల్లలందరినీ పోగేసి ఆటలు పెడతాడని మీరే రాశారు. దాన్ని ఫిర్యాదుగా రాశారు, నేను దాన్ని నివేదికలో లేని ఒక ముఖ్యమైన అంశంగా చదివాను. మా అపార్ట్‌మెంట్‌లో కూడా సాయంత్రం అయిదున్నరకు కింద లింగోచ్చా మొదలవుతుంది. ఇల్లు బాగుచేయించినప్పుడు మిగిలిన టైల్సు ముక్కలు ఏడు ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. జట్లు కట్టడానికి పంటలు వేసుకుంటారు. ఒకరు బంతితో పెంకులు పడగొట్టగానే అవతలి జట్టు బంతితో కొట్టేలోపు ఇవతలివారు మళ్ళీ పేర్చాలి. ఒకరోజు ఒక అబ్బాయి చొక్కా అంచుకు బంతి రాసుకుంది. ఔటని ఒక జట్టు, ఒంటికి తగలలేదు కనుక కాదని ఇంకో జట్టు. ఆట ఆగింది. వాళ్ళలో ఒక పాప అటూ ఇటూ తిరిగి, ఇప్పటికి మళ్ళీ ఆడదాం, ఇకనుంచి బట్టలకు తగిలినా ఔటే అని తీర్పు చెప్పింది. ఆ మాటకు ఇరువర్గాలూ ఒప్పుకున్నాయి, ఎందుకంటే ఎవరూ ఒప్పుకోకపోతే చీకటి పడిపోతుంది. ఇంతలో ఒకరి నాలుగేళ్ళ తమ్ముడు నేనూ ఆడతానని ఏడ్చాడు. వాణ్ణి ఆటలో అరటిపండుగా చేర్చుకుని, వాడు పెంకు పెట్టినప్పుడు బంతి విసరకుండా ఆగారు. వాడికి ఆ సంగతి తెలియకుండా కూడా జాగ్రత్తపడ్డారు.

ఆ పావుగంటలో ఆ పిల్లలు చేసిన పనులు గమనించండి. తమకు నష్టమైన నియమాన్ని న్యాయమనిపించి ఒప్పుకున్నారు. కొట్టగలిగి కూడా చేయి ఆపుకున్నారు. ఒక పసివాడికి ఏం తెలుసో, ఏం తెలియదో ఊహించి దానికి తగ్గట్టు నడుచుకున్నారు. ఆటలో పిల్లవాడు తనకంటే తలెత్తు పొడవుగా నిలబడతాడని రష్యాలో లెవ్ వైగోత్స్కీ 1933లో ఒక ఉపన్యాసంలో చెప్పినది ఇదే. వెక్స్‌లర్ పరీక్షలో ఈ పనులకు గడి లేదు. అందుకు ఆ పరీక్షను తప్పుపట్టను, అది వీటిని కొలుస్తానని చెప్పనూ లేదు. తప్పు, కొలవని దాన్ని లేనిదిగా లెక్కవేసే మనది.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. ఆడితే ఐక్యూ పెరుగుతుందని ఎవరైనా మీకు హామీ ఇస్తే నమ్మకండి. ముఖ్యంగా ఊహాత్మకమైన ఆటల గురించి అలాంటి వాదనలు చాలా ఉన్నాయి. ఏంజెలిన్ లిల్లార్డ్, ఆమె సహచరులు 2013లో ఆ పరిశోధనలన్నిటినీ పరిశీలించి, ఆటే కారణమని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. నేను ఆటను వెనకేసుకొచ్చేది అంకె పెరుగుతుందని కాదు. అంకెకోసమే ఆడించడం మొదలుపెడితే అది కూడా ట్యూషన్ అయిపోతుంది. అబాకస్ గురించి కూడా అంతే సూటిగా చెబుతాను. గుజరాత్‌లోని వడోదరలో ఒక బడి పిల్లలు రెండువందల మందిని చీటీల పద్ధతిలో రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి మూడేళ్ళపాటు మానసిక అబాకస్, అంటే పూసల చట్రాన్ని మనసులో ఊహించుకుని లెక్కలు చేయడం, నేర్పారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. లెక్కలు చేయడంలో కొంత మెరుగుదల కనిపించింది గాని, జ్ఞాపకశక్తిలోనూ సాధారణ ఆలోచనా సామర్థ్యంలోనూ రెండు వర్గాలకూ తేడా రాలేదు. బాబుకు ఇష్టమైతే చేర్చండి, అందులో హాని లేదు. తెలివి పెరుగుతుందని, అందుకోసం ఆటను బలిపెట్టి చేర్చకండి.

నేను నల్లకుంటలో పెరిగాను. మా ఇంటి వెనక వాటాలో ఒక పెద్దావిడ ఉండేది, గల్లీలో పిల్లలందరం ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్ళం. వేసవి మధ్యాహ్నాలు పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే ఆమె వరండాలో వామనగుంటల పీట వేసేది. రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలు, నింపడానికి చింతగింజలు. ఒక గుంటలో గింజలు తీసి వరసగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి, అయిపోయాక తర్వాతి గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి, ఖాళీ గుంట ఎదురైతే దాని అవతలి గుంటలోవి మన సొంతం. ఏ గుంటతో మొదలుపెడితే ఎక్కడ ఆగుతామో ముందే చూడగలగడంలోనే ఆట కిటుకంతా ఉంది. అవ్వ చెయ్యి గుంటమీద ఒక్క క్షణం ఆగేది, కళ్ళు పీట చుట్టూ తిరిగి వచ్చేవి, ఆ తర్వాత చెయ్యి వేస్తే తప్పేది కాదు. ఆమెకు అక్షరం రాదు, ఏ పరీక్షలో కూర్చోబెట్టినా నాలుగో ప్రశ్న దగ్గర ఆపేసేవారు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో బజారులో కొబ్బరికాయలవంటివి అమ్మే పిల్లల మీద 1985లో వచ్చిన ఒక చిన్న పరిశోధన చదివినప్పుడు నాకు ఆమే కళ్ళముందు మెదిలింది. అమ్మకంలో వచ్చిన లెక్కలు ఆ పిల్లలు నూటికి 98 సరిగ్గా చేశారు, అవే లెక్కలను కాగితం మీద అంకెలుగా ఇస్తే 37కు పడిపోయారు. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన మరో పరిశోధనలో కోల్‌కతా, ఢిల్లీ బజారుల్లో పనిచేసే పిల్లల విషయంలోనూ అదే తేలింది. అంతేకాదు, బడిలో లెక్కలు బాగా వచ్చిన పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు.

అవ్వ దగ్గర నేను లెక్క నేర్చుకున్నానేమో తెలియదు. నాకు బాగా గుర్తున్నది, నేను గుంట ఎంచుకోవడానికి ఎంతసేపు తీసుకున్నా ఆమె తొందరపెట్టకపోవడం. బడిలో నేను జవాబు చెప్పడానికి చాలా ఆలస్యం చేసే పిల్లను, ఇంట్లో కూడా మందకొడి అనే పేరుండేది. "చూసుకో బిడ్డా, గింజలెక్కడికీ పోవు" అనేది ఆమె. నెమ్మదిగా ఆలోచించడం తప్పుకాదని నాకు మొదట చెప్పిన మనిషి ఆమే. ఇన్నేళ్ళుగా పరీక్ష గదిలో నెమ్మదస్తులైన పిల్లలు ఎదురుగా కూర్చున్నప్పుడు, గడియారం చూడవలసిన చోట తప్ప మరెక్కడా నేను గడియారం చూడలేదు.

పిల్లలకు ఇలాంటి మనిషి ఒకరుండటం ఎంత విలువైనదో పరిశోధనలు కూడా చెబుతున్నాయి. ఆట గురించిన ఆధారాల కంటే ఈ ఆధారాలు చాలా బలమైనవి. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాలపాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు, తల్లిదండ్రుల అనారోగ్యం కలిసి మీదపడిన పిల్లల్లో కూడా దాదాపు మూడోవంతు మంది నిలకడైన, సమర్థులైన మనుషులుగా పెరిగారు. వారి జీవితాల్లో కనిపించిన సామాన్యాంశాల్లో ఒకటి, తమను మనస్ఫూర్తిగా అంగీకరించిన మనిషి కనీసం ఒకరుండటం. ఆ ఒక్కరు తల్లీ తండ్రీ కానక్కరలేదు, అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త, పంతులమ్మ, పక్కింటివారు ఎవరైనా సరే. రుమేనియాలో బుకారెస్ట్ అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్లో సగంమందిని 2000 తర్వాత పెంపుడు కుటుంబాలకు అప్పగిస్తే, ఆశ్రమంలోనే ఉన్నవారికంటే వారి తెలివి పరీక్షల ఫలితాలు మెరుగయ్యాయనీ, ఎంత చిన్నవయసులో కుటుంబంలోకి వెళితే అంత మేలు జరిగిందనీ 2007లో తేలింది.

నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది జమైకాలోని కింగ్‌స్టన్‌లో జరిగిన ప్రయత్నం. సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం 1980లలో, సరైన తిండిలేక ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలను తీసుకుంది. వారిలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి గంటసేపు, రెండేళ్ళపాటు వెళ్ళారు. ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో పిల్లలను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లులకు చూపించేవారు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే ఆ ఇళ్ళ పిల్లలు, అలాంటి సందర్శనలు లేని పిల్లలకంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. అక్కడ ఆటను, అనుబంధాన్ని విడదీసి చూడటం కుదరదు. తల్లి చేతిలో బొమ్మ, తల్లి నోటిమాట, పిల్ల నవ్వు అన్నీ ఆ ఒక్క గంటలోనివే.

ఇక మీ ఇంటికి వస్తాను. నివేదిక చేతికొచ్చిన తర్వాతి వారంలో చాలా ఇళ్ళలో ఒక మార్పు వస్తుంది, అది అంకెకంటే ఎక్కువ హాని చేస్తుంది. పిల్లవాడు గ్లాసు ఒలకబోస్తే నిన్నటిదాకా అల్లరి, ఇవాళ అనుమానం. హోంవర్కులో తప్పుచేస్తే నిన్నటిదాకా కోపం, ఇవాళ జాలి. ఏడేళ్ళ పిల్లలు మన మాటలకంటే ముఖాలే ముందు చదువుతారు. మీవారికి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పండి. ట్యూషన్‌కు పంపాలన్న ఆయన పట్టుదల వెనుక ఉన్నది బాబు భవిష్యత్తు గురించిన భయమే, దానిలో ప్రేమే ఉంది. ఆ భయాన్ని రోజూ అరగంట బాబు పక్కన కూర్చోవడంగా మార్చుకోమనండి. అష్టాచెమ్మా గడులు గీసుకుని ఆడండి. గవ్వలు వేసి, పడిన పందేన్ని ఏ కాయకు వాడాలో బాబునే తేల్చుకోనివ్వండి. ఎదుటి కాయను చంపడమా, తన కాయను ఇంట్లోకి చేర్చుకోవడమా అని ఆలోచిస్తున్నప్పుడు సలహా ఇవ్వకుండా ఊరుకోవడం మీవారికి కష్టమే, అయినా ఊరుకోమనండి. మీ అత్తగారు రాత్రి పడుకునేముందు కథ చెబుతారని రాశారు. దాన్ని ఏ తరగతి కోసమూ ఆపకండి. వెర్బల్ భాగంలో 85 వచ్చిన పిల్లవాడికి రోజూ తెలుగులో కథ విని, మర్నాడు తనే తిరిగి చెప్పడం కంటే మంచి శిక్షణను నేను సూచించలేను. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండని బడివారు అంటే ఒప్పుకోకండి. ఇంటిభాషలో మాట గట్టిపడ్డ పిల్లలకు రెండో భాషలో అర్థాలు త్వరగా అతుక్కుంటాయి.

నిద్ర సంగతి చిన్నదే అయినా చెప్పాలి. ఈ వయసు పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర అవసరం. ఆరున్నరకు బడి బస్సు ఎక్కే పిల్లవాడు పదిన్నరకు పడుకుంటే ఏ లెక్కనా అది పూర్తికాదు, ప్రాసెసింగ్ స్పీడ్ తగ్గడానికి అది కూడా కారణం కావచ్చు. ట్యూషన్ పెడితే కోతపడేది ఆట సమయం, ఆ తర్వాత నిద్ర.

వచ్చే ఏడు బడి మారుద్దామా అన్నారు. కొత్త బడిలో చేర్చుకోవడానికి ఐక్యూ అంకె అడిగితే, విద్యాహక్కు చట్టం 2009లోని 13వ సెక్షన్ ప్రవేశాల్లో పిల్లలను వడకట్టడాన్ని నిషేధించిందని గుర్తుంచుకోండి. మొదటిసారి ఉల్లంఘనకు 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారికీ 50 వేల రూపాయల దాకా జరిమానా ఉంది. మైనారిటీ సంస్థల బడులకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది కాబట్టి ఆ తేడా చూసుకోండి. బడి ఎంచుకునేటప్పుడు ఆటస్థలం ఉందా అన్నదానితోపాటు, వారానికి ఎన్ని పీరియడ్లు పిల్లలు నిజంగా అందులో ఉంటారో అడగండి.

వీటిలో ఏవీ పనిచేయక, మూడో తరగతి వచ్చినా అక్షరాలు కలిపి చదవలేకపోవడం, చెప్పినది వెంటనే మరచిపోవడం, తోటిపిల్లల ఆటలో కూడా వెనుకబడటం కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఆటలో ముందుండి చదవడంలో మాత్రం ఆగిపోతే అది డిస్‌లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడంలో మాత్రం వచ్చే ఇబ్బంది, కావచ్చు, దానికి వేరే పరీక్షలున్నాయి. అన్నింటిలోనూ వెనుకబాటు కనిపిస్తే సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్‌లో మానసిక ఎదుగుదలలో వెనుకబడిన వారికోసం 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. అక్కడ పరీక్షతోపాటు తర్వాత ఏం చేయాలో కూడా చెబుతారు. మీరు రాసినదాన్నిబట్టి మీ బాబుకు ఆ అవసరం వస్తుందని నాకనిపించడం లేదు.

"నాకు తక్కువొచ్చిందా?" అన్న ప్రశ్నకు మీరు జవాబు దాటవేశారని రాశారు. ఈ సాయంత్రమే చెప్పండి, దాటవేస్తే పిల్లలు తమకు తోచిన జవాబు వేసుకుంటారు. నీకు ఏది తేలికగా వస్తుందో, దేనికి సాయం కావాలో చూడటానికి ఆ ఆంటీ కొన్ని ప్రశ్నలు అడిగారనీ, బొమ్మలు అమర్చడం చాలా బాగా చేశావనీ, ఇంగ్లీషు మాటలకు కొంచెం సాయం కావాలని తెలిసిందనీ, అది మనం కలిసి చేద్దామనీ చెప్పండి. అంకె చెప్పవద్దు, అబద్ధమూ చెప్పవద్దు. మళ్ళీ పరీక్ష చేయించడానికి తొందరపడకండి. వెంటనే చేయిస్తే ప్రశ్నలు గుర్తుండి అంకె పెరుగుతుంది, ఆ పెరుగుదలకు అర్థం ఉండదు. ఏడాదిన్నరో రెండేళ్ళో ఆగాక, అవసరమనిపిస్తే, తెలుగూ ఇంగ్లీషూ రెండూ బాగా తెలిసిన సైకాలజిస్టు దగ్గర చేయించండి. అప్పుడు కూడా నివేదిక చేతికి తీసుకునే ముందు నాలుగు భాగాల గురించీ గంటసేపు కూర్చుని మాట్లాడమని అడగండి.